టెక్ సందేహాలు: బ్రేకు కీచుమంటే ఫోన్ యాప్ కనిపెడుతుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఐదేళ్ల హ్యాచ్‌బ్యాక్ ఉంది. వానలు మొదలైనప్పటి నుంచి ముందు బ్రేకులు కీచుమంటున్నాయి. షెడ్డులో ప్యాడ్లు, డిస్కులు అన్నీ మార్చాలన్నారు. శబ్దాన్ని బట్టి లోపం చెప్పే యాప్ ఉందా? ఇంట్లో సరిచేసుకోవచ్చా?

జవాబు: శబ్దం విని లోపం చెప్పేస్తాననే యాప్‌ను బ్రేకుల విషయంలో నమ్మకండి. మీ ఫోన్‌లో ఉన్న కెమెరా, టార్చి అంతకంటే ఎక్కువ పనికొస్తాయి. ప్యాడ్ ఎంత మిగిలిందో మీ కళ్లతో చూడకుండా మాత్రం అన్నీ మార్చడానికి ఒప్పుకోకండి.

శబ్దం ఎప్పుడు వస్తోందో ముందు గమనించండి. చక్రంతో పాటు తిరిగే డిస్కు పోత ఇనుముది, బ్రేకు తొక్కితే ప్యాడ్లు దాన్ని రెండు పక్కలా నొక్కి ఆపుతాయి. డెల్టాలో గాలి ఎప్పుడూ తేమగానే ఉంటుంది, నర్సాపురం, అంతర్వేది వైపైతే ఉప్పు గాలి కూడా తోడవుతుంది. వాన పడిన రాత్రి బయట ఉంచితే తెల్లారేసరికి డిస్కు మీద ఎర్రటి తుప్పు పొర కడుతుంది. పొద్దున నాలుగైదు సార్లు బ్రేకు తొక్కగానే ఆ పొర, దాంతో పాటే శబ్దం పోతాయి. అంతవరకే అయితే రూపాయి కూడా ఖర్చు పెట్టక్కర్లేదు.

రోజంతా వస్తుంటే ప్యాడ్ చూడాలి. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి బండి ఆపండి. టార్చి వేసి, చక్రం సందుల్లోంచి వీడియో తీసి, తర్వాత ఆపి జూమ్ చేసి చూడండి. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం దాదాపు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. చాలా ప్యాడ్లకు చిన్న ఉక్కు రేకు ఉంటుంది, ప్యాడ్ అరిగాక అది డిస్కును తాకి కీచుమనడం మిమ్మల్ని హెచ్చరించడానికే. అయితే బయటి ప్యాడ్ బాగుందని నిశ్చింతగా ఉండొద్దు. లోపలి ప్యాడ్ ముందే అరిగిపోవచ్చు, చక్రం విప్పితేనే అది సరిగ్గా కనిపిస్తుంది.

కీచు కాకుండా గరగరమని ఇనుము మీద ఇనుము రాసినట్టు ఉంటే బండి కదపకండి. మెకానిక్‌నే ఇంటికి పిలవండి. బ్రేకు తొక్కకపోయినా చక్రంతో పాటు గీకుతుంటే, కాలవ గట్టు మీది కంకర రాయి డిస్కుకూ వెనకున్న రేకుకూ మధ్య ఇరుక్కుని ఉండొచ్చు. మెల్లగా వెనక్కీ ముందుకీ కదిపితే ఒక్కోసారి అదే రాలిపోతుంది.

ప్యాడ్ మందంగా ఉండి కూడా కీచుమంటే, మన ప్రాంతంలో నేను ముందు అనుమానించేది కాలిపర్ పిన్నులనే. ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం కాలిపర్, అది అటూ ఇటూ జరగడానికి ఉండే రెండు పిన్నులివి. రబ్బరు తొడుగు చిరిగితే లోపలికి నీళ్లు చేరి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కును పూర్తిగా వదలదు. కాసేపు నడిపాక ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కినా, లోపలి ప్యాడ్ ఒక్కటే అరిగినా ఇదే కారణం కావచ్చు. పిన్ను బయటకు తీసి, తుడిచి, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే చాలు. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ బిగుసుకుంటుంది. శబ్దం పోతుందని ప్యాడ్ మీదగానీ డిస్కు మీదగానీ నూనె, డబ్ల్యూడీ-40 కొట్టారో, బ్రేకు పడదు!

ఈ పని ఇంట్లో చేయొచ్చు, కానీ గచ్చు నేల మీదే. వానకు నానిన మట్టిలో జాకీ దిగబడుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి పెట్టకండి, కింద స్టాండు ఉండాలి, మిగతా చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టాలి. నల్లటి దుమ్మును నోటితో ఊదొద్దు. మాస్కు పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో కడగండి. ప్యాడ్లు మారిస్తే రెండు పక్కలా మార్చండి. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కడం మర్చిపోకండి, లేకపోతే మొదటిసారి పెడల్ నేలకు తగులుతుంది. డిస్కు మార్చాలా వద్దా అనే తగాదా తీరాలంటే దాని మీదో, సర్వీసు పుస్తకంలోనో ఉండే కనీస మందం చూసి, కొలిచి చూపించమనండి.

ఇంకో మాట. వానాకాలంలో బండి రోజుల తరబడి వాడకపోతే హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచకండి. వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులుంటే, డ్రమ్మును లోపలి నుంచి నొక్కే షూలు దానికి అతుక్కుపోవచ్చు. గేరులో పెట్టి చక్రాలకు అడ్డం పెడితే సరిపోతుంది.

ప్రశ్న: ఓబీడీ బ్లూటూత్ స్కానర్ కొంటే బ్రేకు సంగతి తెలుస్తుందా? (అమలాపురం నుంచి)

జవాబు: ఓబీడీ స్కానర్ అంటే కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లను చదివే పరికరం. దాంతో ప్యాడ్ అరుగుదల తెలియదు. చౌక స్కానర్లు ప్రధానంగా ఇంజిన్ కోడ్లే చదువుతాయి, మన చిన్న కార్లలో చాలావాటికి ప్యాడ్ సెన్సరే ఉండదు. బ్రేకు పని చేశాక ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) లైటు వెలిగితే మాత్రం స్కానర్ పనికొస్తుంది, అదీ మీ మోడల్ ఏబీఎస్ కోడ్లు చదవగలిగేదైతేనే. కొనే ముందు ఆ మాట అమ్మేవాళ్లను అడగండి. అంతకంటే ముందు, చక్రం దగ్గరున్న సెన్సర్ వైరు పని చేసేటప్పుడు ఊడిందేమో చూడండి.