ధాన్యం గదిలో పిల్లికి చూపు తగ్గింది.. రాత్రి బల్బు వేయాలా?

ప్రశ్న: ధాన్యం బస్తాల గదిలో ఎలుకల కోసం పిల్లిని పెంచుతున్నాం. వయసు మూడేళ్లు. రెండు పూటలా పాలన్నమో పెరుగన్నమో పెడతాం. కొన్నాళ్లుగా రాత్రిళ్లు బస్తాలకు, గడపకు తగులుకుంటోంది. ముక్కు ముందు వేసిన చేప ముక్క కోసం తడుముకుంటోంది. పట్టపగలు కూడా కళ్లు మెరుస్తున్నాయి. గదిలో రాత్రంతా బల్బు వేసి ఉంచమంటారా?
– ఒక రైతు, బాపట్ల జిల్లా

జవాబు: బల్బుతో ప్రయోజనం లేదు. మార్చాల్సింది తిండి.

ముక్కు ముందున్న ముక్క కనిపించకపోవడం జబ్బు కాదు. జానెడు దూరం లోపల ఉన్నది ఏ పిల్లికైనా మసకగానే కనిపిస్తుంది. అక్కడ దానికి వాసన, మీసాలే ఆధారం. దూరపు చూపూ మనకంటే తక్కువే. మనకు 100 అడుగుల దూరంలో స్పష్టంగా ఉన్నది దానికి 20 అడుగుల్లోకి వస్తేగానీ తేటపడదు. ఎరుపు రంగు సరిగా తెలియదు. అయితే చిన్న కదలికను ఇట్టే పసిగడుతుంది, మనకు కావలసిన వెలుతురులో ఆరో వంతు ఉన్నా చూస్తుంది. రెటీనా (కంటి లోపల వెలుతురును గ్రహించే తెర) వెనకున్న అద్దంలాంటి పొర వెలుతురును మళ్లీ రెటీనా మీదికే తిప్పడం దీనికి ఒక కారణం. రాత్రి లైటు పడితే కళ్లు మెరిసేదీ ఈ పొర వల్లే.

అలాంటి జంతువు చీకట్లో బస్తాలకు తగులుకుంటోందంటే తేలిగ్గా తీసుకోకూడదు. ఎండలో కంటిపాప సన్నని గీతలా ముడుచుకోవాలి. మీ పిల్లికి విప్పారి ఉండిపోతున్నందువల్లే పగలు కూడా మెరుపు కనిపిస్తూ ఉండొచ్చు. పాలన్నం, పెరుగన్నం అన్నారు కాబట్టి మొదటి అనుమానం టారిన్ లోపం మీదే. ఈ పోషకాన్ని పిల్లి ఒంట్లో సరిపడా తయారుచేసుకోలేదు. మాంసం, చేపల నుంచే రావాలి. అన్నంలో ఉండదు, పాలల్లో చాలదు. నెలల తరబడి అందకపోతే రెటీనా కణాలు చచ్చిపోతాయి, గుండె కండరం కూడా బలహీనపడుతుంది. ఎలుకలు పట్టాలంటే ఆకలితో ఉంచాలని చాలామంది అనుకుంటారు. అది తప్పు. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది.

పగటిపూట దాని ముందు చిన్న దూది ఉండను చప్పుడు లేకుండా వదలండి. చూపు తిప్పకపోతే మరోసారి చేయండి. తర్వాత చీకటి గదిలో కంటిపై టార్చి వేయండి. దూది వైపు రెండోసారీ చూడకపోయినా, పాప ముడుచుకోకపోయినా, నెమ్మదిగా ముడుచుకున్నా వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. కోళ్లకో పశువులకో తెచ్చిన ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు దీనికి వేసి ఉంటే తప్పక చెప్పండి; మోతాదు మించితే ఆ మందే పిల్లుల రెటీనాను దెబ్బతీస్తుంది. టారిన్ సాధారణంగా 250 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తారు, అదీ డాక్టరు చూశాకే. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలిన చూపును కాపాడుకోవచ్చు.

నాలుగు కిలోల పిల్లికి రోజుకు 120–150 గ్రాముల ఉడికించిన చేప, కోడి తొడ మాంసం, గుండెకాయ కలిపి పెట్టండి. టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి కొద్ది నీళ్లలోనే ఉడికించి, ఆ నీళ్లను కూడా మేతలోనే కలిపి పెట్టండి. ముళ్లు, ఎముకలు తీసేయండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వద్దు. కొన్ని రకాల పచ్చి చేపలు బి1 విటమిన్‌ను పాడుచేస్తాయి, అందుకే పచ్చివి పెట్టకండి. వట్టి మాంసంలో కాల్షియం చాలదు. కుదిరితే పిల్లుల కోసమే తయారైన ప్యాకెట్ మేత వాడండి. కుక్కల మేత దీనికి సరిపోదు.

ఈలోగా బస్తాల వరస, నీళ్ల గిన్నె చోటు మార్చకండి. ఆ గదిలో బ్రోమాడయోలోన్ (ఎలుకల మందు) బిళ్లలు పెట్టొద్దు, విషం తిన్న ఎలుకను తింటే పిల్లికీ ప్రమాదమే. నోరు తెరిచి ఆయాసపడుతుంటే గుండె దెబ్బతిని ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.