కుక్కపిల్లకి ఏడ్చాను, మరి వాళ్లకి?

ప్రశ్న: మేడమ్, మొన్న రాత్రి ఫోన్ చూస్తుంటే సూడాన్‌లో ఆకలితో ఎముకలు తేలిన పిల్లల ఫోటో వచ్చింది, సెకను కూడా ఆగకుండా పైకి తోసేశాను. దాని కిందే పైపులో ఇరుక్కున్న కుక్కపిల్లని బయటకి తీసే వీడియో, అది మాత్రం చివరిదాకా చూసి ఏడ్చేశాను కూడా. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. నాది రాతిగుండెనా?

జవాబు: రాతిగుండె అయితే కుక్కపిల్లకి మాత్రం ఎందుకు ఏడుస్తారండీ? మన గుండెకి ఒకటి అర్థమవుతుంది, లక్ష అర్థం కాదు. 2007లో అచ్చయిన ఒక అమెరికన్ ప్రయోగం ఉంది, మాలి దేశపు ఏడేళ్ల పాప ఫోటో చూపించి చందా అడిగితే జనం బాగానే ఇచ్చారు, లక్షల మంది పస్తులున్నారని లెక్కలు చెప్పి అడిగితే దాదాపు సగానికి పడిపోయింది. తమాషా ఏంటంటే పాప ఫోటో పక్కన ఆ లెక్కలు కూడా పెడితే పాపకి వచ్చేది కూడా తగ్గిపోయింది!

అలాగని అంతా బుర్ర మీదకి నెట్టేస్తే మనల్ని మనం వెనకేసుకొచ్చినట్టే. 2023 జూన్ 14న గ్రీస్ దగ్గర వలసవాళ్ల పడవ మునిగింది, సుమారు 750 మంది ఎక్కారంటారు, బతికింది 104 మంది. నాలుగు రోజులకి టైటానిక్ శిథిలాలు చూడ్డానికెళ్లిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామిలో ఐదుగురు గల్లంతయ్యారు, ఇక ఆక్సిజన్ ఎన్ని గంటలకి సరిపోతుందో లోకమంతా లెక్కపెట్టింది, నేనూ లెక్కపెట్టా, దాచడం దేనికి. ఆ ఐదుగురి పేర్లు, ఫోటోలు, వయసులు టీవీలో అరిగిపోయేదాకా తిప్పారు. పడవలో వాళ్లది ఒక్క పేరు చెప్పండి చూద్దాం. చూపించేవాళ్లే వాళ్లని అంకె చేసేశాక మనకి మనుషులు ఎక్కణ్ణుంచి కనబడతారు?

పోనీ ఏడుపు వచ్చినా నిలవదు. 2015 సెప్టెంబర్‌లో టర్కీ ఒడ్డున బోర్లాపడి ఉన్న సిరియా పిల్లాడు గుర్తున్నాడా, ఎర్ర చొక్కా, కాళ్లకి బూట్లు అలాగే ఉన్నాయి. ఆ ఫోటోతో స్వీడన్ రెడ్ క్రాస్‌కి చందాలు ఒక్కసారి ఎగిశాయి, వారాల్లోనే చల్లారిపోయాయి. కానీ ఆ వేడిలో నెలనెలా ఇస్తామని పేరు రాయించుకున్నవాళ్లు మాత్రం చాలావరకు మానలేదు. అందుకే మీకు ఏడుపు రాలేదని బెంగ పెట్టుకోకండి, మీరు నమ్మే సంస్థకి ఎంతో కొంత నెలనెలా కట్ అయ్యేలా పెట్టేయండి, మూడ్‌తో పని లేకుండా.

సూడాన్ యుద్ధం 2023 ఏప్రిల్‌లో మొదలైంది, కోటి మందికి పైగా ఇళ్లొదిలారు. సరే, ఆ కోటి వదిలేయండి. ఈసారి ఫోటో వస్తే కింద ఊరి పేరు చదవండి చాలు. జంజం అని ఉంటే, అది సూడాన్‌లోని ఎల్ ఫాషర్ నగరం పక్కన, ఇళ్లొదిలినవాళ్లు తలదాచుకున్న శిబిరం, 2024 ఆగస్టులో అక్కడ కరువని తేల్చారు.