డిస్క్ మీద చెయ్యి వేసే ముందు

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. నీ సర్వర్‌లో రెయిడ్ 5 (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతుల్లో ఒకటి) పక్కన "డీగ్రేడెడ్" అని ఎర్రగా కనిపించేసరికి డేటా అంతా పోయిందని టెన్షన్ పడ్డావు. పోలేదు. ఒక డిస్క్ పడిపోయినా మిగతావాటితో బండి నడుస్తోందని ఆ మాటకి అర్థం. బండి ఆగిపోతే "ఫెయిల్డ్" అని చూపిస్తుంది. ఈ తేడా తెలియక కంగారులో ఉన్నదాన్ని చేతులారా పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి, ఆ సంగతికి వస్తాను.

రెయిడ్ అన్న పేరు 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌తో వచ్చింది. ఖరీదైన ఒక్క పెద్ద డిస్క్ బదులు చవకవి కొన్ని కలిపి వాడదామని వాళ్ల ఆలోచన, పేరులోని ఐ అక్షరం కూడా మొదట ఇన్‌ఎక్స్‌పెన్సివ్, అంటే ఆ చవకదే. తర్వాత అది ఇండిపెండెంట్ అయింది, అమ్మేవాళ్లకి చవక అన్న మాట మింగుడుపడలేదేమో!

స్ట్రైపింగ్ అంటే డేటాని ముక్కలు చేసి డిస్కులకి పంచడం. రెయిడ్ 0లో ఉన్నది అదొక్కటే, వేగం బాగుంటుంది గానీ ఒక్క డిస్క్ పోయినా మొత్తం పోతుంది. మిర్రరింగ్ అంటే ఒకే డేటాని రెండు చోట్ల రాయడం, అది రెయిడ్ 1. పారిటీ దగ్గరే అందరూ తడబడతారు. మూడు అంకెలు రాసుకుని వాటి మొత్తం వేరే చీటీ మీద పెట్టుకున్నావనుకో, ఒక అంకె చెరిగిపోతే మొత్తంలోంచి మిగతా రెండూ తీసేస్తే అది దొరుకుతుంది కదా, పారిటీ అలాంటిదే. లోపల జరిగేది కూడిక కాదు, ఎక్సార్ అనే లెక్క. పారిటీ వాడేవి రెయిడ్ 5, 6. రెయిడ్ 5 ఒక డిస్క్ పోతే తట్టుకుంటుంది, రెయిడ్ 6 ఏ రెండు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 10 అంటే మిర్రర్ జంటల మీద స్ట్రైపింగ్, అందులోనూ రెండు పోవచ్చు, కానీ ఆ రెండూ ఒకే జంటలోవి అయితే అంతే సంగతులు. 4 టీబీ డిస్కులు నాలుగు పెడితే రెయిడ్ 5లో 12 టీబీ, రెయిడ్ 6, 10లలో 8 టీబీ చేతికొస్తుంది.

ఇప్పుడు అసలు గండం, రీబిల్డ్. కొత్త డిస్క్ పెట్టగానే మిగతా డిస్కుల్ని మొదటినుంచి చివరిదాకా చదివి, పోయినదాన్ని లెక్కగట్టి అందులో రాస్తుంది. 12 టీబీ డిస్క్‌ని సెకనుకి 150 ఎంబీ చొప్పున నింపినా 22 గంటలు పడుతుంది, సర్వర్ మీద పని ఉంటే ఇంకా ఎక్కువ. ఆ సమయంలో ఇంకో డిస్క్‌లో చదవలేని సెక్టార్ (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి) తగిలితే రెయిడ్ 5 దగ్గర దాన్ని సరిచేసే దారి ఉండదు. అందుకే పెద్ద డిస్కులకి నేను రెయిడ్ 6 తప్ప ఒప్పుకోను. స్క్రబ్ అనేది కూడా ఇందుకే, నెలకోసారి డిస్కులన్నీ చదివించి ఇలాంటి చెడ్డ సెక్టార్లని ముందే పట్టుకోవడం. స్మార్ట్ రిపోర్ట్‌లో, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే నివేదికలో, "పెండింగ్ సెక్టార్" అన్న లెక్క పెరుగుతుంటే ఆ డిస్క్ మీద ఆశ వదులుకో.

హాట్ స్పేర్ అంటే ఖాళీగా కూర్చుని ఉండే డిస్క్, ఏదైనా పోగానే రీబిల్డ్ దాని మీద దానంతటదే మొదలవుతుంది. నీ దగ్గర అది లేదు కాబట్టే ఈ ఉత్తరం.

ఇక నా ఘనకార్యం. డీగ్రేడెడ్‌లో ఉన్న రెయిడ్ 5లో స్లాట్ 2 డిస్క్ మార్చాలి. ఆ సర్వర్‌లో స్లాట్ల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, నేనేమో ఒకటి నుంచి లెక్కపెట్టి పక్కనున్న మంచి డిస్క్ లాగేశాను. డిస్కుల గుంపు మొత్తం ఆగిపోయింది. గాభరాగా తిరిగి తోసేస్తే "ఫారిన్" అని చూపించింది, అంటే ఆ డిస్క్ మీద రెయిడ్ వివరాలున్నాయి గానీ కంట్రోలర్ (రెయిడ్‌ని నడిపే కార్డు) దాన్ని తనదిగా గుర్తించడం లేదన్నమాట. ఆ వివరాల్ని తీసుకునే ఇంపోర్ట్, చెరిపేసే క్లియర్ అని రెండు దారులిస్తే, ఆగి చదవకుండా క్లియర్ నొక్కాను. రెండు రోజులు నిద్ర లేకుండా బ్యాకప్ నుంచి ఎక్కించాను. "ఇనీషియలైజ్" కూడా అలాంటి మాటే, రీబిల్డ్ అనుకుని నొక్కావా, ఉన్నది చెరిపేస్తుంది.

బ్యాకప్ అన్నాను కదా, రెయిడ్ ఉంది కాబట్టి అది అక్కర్లేదని ఎవరైనా అంటే వినకు. ఫైల్ పొరపాటున డిలీట్ చేస్తే మిర్రర్‌లో కూడా అదే క్షణంలో పోతుంది.

కాబట్టి ఇప్పుడు ముందు బ్యాకప్ తీసుకుని, అది తెరుచుకుంటోందో లేదో చూడు. కొత్త డిస్క్ సైజు పాతదానికంటే కాస్త తగ్గినా కంట్రోలర్ తీసుకోకపోవచ్చు, అది సరిచూసుకుని తెప్పించు. పోయిన డిస్క్ సీరియల్ నంబర్ స్క్రీన్ మీంచి కాగితం మీద రాసుకో, లొకేట్ నొక్కితే దాని లైట్ వెలిగి ఆరుతుంది. లాగే ముందు నాకు ఫోన్ చెయ్యి, ఆ నంబర్ ఇద్దరం కలిసి చదువుదాం.

మీ అన్నయ్య