స్లో నిలవని పాత కారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది 1997 మారుతి 800, కార్బ్యురేటర్ బండి. పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. వేడెక్కాక చోక్ లోపలికి నెట్టగానే వణుకు మొదలు. సిగ్నల్ దగ్గర కాలు తీస్తే ఆఫ్. ప్లగ్గులు మూడూ మార్చారు, కార్బ్యురేటర్‌కు కిట్ వేశారు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే వరస. చివరికి స్లో స్క్రూ బిగించి ఇచ్చారు. ఇప్పుడు ఆగదు గానీ ఎప్పుడూ రేసింగ్‌లోనే ఉంటోంది. కార్బ్యురేటరే మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: అప్పుడే వద్దు. అసలు విషయం మీరు రాసిన చోక్ సంగతిలోనే ఉంది. చోక్ లాగితే గాలి తగ్గి, పెట్రోలు వాటా పెరుగుతుంది. అలా పెరిగినప్పుడు నిలకడగా ఉన్న ఇంజన్ మామూలు పాళ్లకు రాగానే పడిపోతోందంటే రెండే మాటలు: స్లోలో, అంటే యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు, దానికి పెట్రోలు చాలడం లేదు, లేదా లెక్కలో లేని గాలి ఎక్కడినుంచో దూరుతోంది.

నిర్ధారించుకోవడానికి పైసా ఖర్చు లేదు. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బ్యురేటర్ నోటిని ఒక మందపాటి అట్టముక్కతో నెమ్మదిగా సగం వరకు మూయండి. అరచెయ్యి మాత్రం పెట్టకండి, ఎదురుమంట కొట్టవచ్చు. మూస్తుంటే ఇంజన్ సర్దుకుని ఆర్‌పీఎం పెరిగితే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. మూయగానే ఇంకా దగ్గి ఆగిపోతే పెట్రోలే ఎక్కువ. అప్పుడు చూడాల్సినవి ఫ్లోట్, నీడిల్ వాల్వు, పూర్తిగా తెరుచుకోని చోక్, దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్. మీ లక్షణాలను బట్టి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అన్న మొదటిదే అవుతుంది.

ఇక గాలి ఎక్కడ దూరుతోందో వెతకాలి. కార్బ్యురేటర్ కింద ఉండే గ్యాస్కెట్, ఇన్సులేటర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ డబ్బాకు పోయే సన్న పైపు, బ్రేక్ బూస్టర్ ఉంటే దాని లావు పైపు, ఇంజన్ లోపలి ఆవిరిని లాక్కెళ్లే పీసీవీ పైపు, ఏసీ ఉంటే ఐడిల్ (స్లో) పెంచే డయాఫ్రం పైపు: ఇవన్నీ అనుమానితులే. ఇరవై ఏళ్లు దాటిన రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది. చివర పట్టుకుని వంచి చూస్తే, సరిగ్గా గొట్టానికి తొడిగిన అంచు దగ్గర వెంట్రుక మందంలో అడ్డంగా చీలిక తేలుతుంది. ఇంజన్ స్లోలో ఉండగా ఒక్కో పైపును వేళ్లతో నొక్కిపట్టండి. దేన్ని నొక్కితే స్లో సర్దుకుందో అదే దోషి. గ్యాస్కెట్ల అంచులకు ఇస్త్రీ పెట్టేటప్పుడు వాడే స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు చల్లండి. లీకు ఉన్నచోట నీరు పీల్చుకుని ఇంజన్ తడబడుతుంది. కొందరు కార్బ్ క్లీనర్ చల్లుతారు. వేడి ఎగ్జాస్ట్ పక్కనే ఉంటుంది కాబట్టి మా ఓటు నీళ్లకే. బ్రేక్ బూస్టర్‌ది ఇంకా తేలిక: స్లోలో బ్రేకు నొక్కి పట్టుకుంటే వణుకు పెరిగితే దాని డయాఫ్రం చిరిగినట్టే. అది స్లో సమస్య కాదు, బ్రేకు సమస్య. ఆలస్యం చేయవద్దు.

ఏ లీకూ దొరకలేదా? తాళం ఆన్ చేసి, కార్బ్యురేటర్‌కు ఉన్న సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు) వైరు ఊడదీసి మళ్లీ తగిలించండి. ప్రతిసారీ ‘టక్’ మని వినిపించాలి. వినిపించకపోతే స్లో జెట్‌కు పెట్రోలు దారి మూసుకునే ఉంది. ఫ్యూజు, వైరు, ఎర్త్ చూసి, ఆ తర్వాతే సోలెనాయిడ్ మార్చాలి. శబ్దం సరిగ్గా ఉంటే స్లో జెట్ తీసి కార్బ్ క్లీనర్ పోసి గాలి కొట్టించండి. సన్న తీగతో పొడిచే అలవాటు చాలామందికి ఉంది. ఆ రంధ్రం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు, ఇత్తడి మెత్తన. ఒకసారి గీరుకుంటే కొలత పోయినట్టే. మీకు కిట్ వేసిన కొన్నాళ్లకే సమస్య తిరిగి రావడం చూస్తే ట్యాంకులోంచి తుప్పు, మడ్డి వస్తున్నాయని అనుమానం. పెట్రోలు ఫిల్టర్‌ను విప్పి, లోపలి పెట్రోలు తెల్ల గిన్నెలోకి వంపండి. అడుగున ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకు కడిగించనిదే జెట్టు ఎన్నిసార్లు శుభ్రం చేసినా వృథా.

స్లో స్క్రూ బిగించి ఇవ్వడం గురించి ఒక మాట. ఆ స్క్రూ గాలిదారిలోని త్రాటిల్ రెక్కను తెరుస్తుంది. ఎక్కువ తెరిస్తే రెక్క అంచు పక్కనున్న చిన్న రంధ్రాల నుంచి పెట్రోలు రావడం మొదలవుతుంది. ఇంజన్ నడుస్తుంది గానీ స్లో దారి మూసుకున్న సంగతి కనబడకుండా పోతుంది, స్లోలో పెట్రోలు, గాలి పాళ్లు సర్దే మిక్చర్ స్క్రూ తిప్పినా ఏ మార్పూ రాదు. అంటే రోగం పోలేదు, దాక్కుంది. కాబట్టి బాగుచేశాక స్లో స్క్రూను వెనక్కి తిప్పండి. మిక్చర్ స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి (గట్టిగా బిగిస్తే మొన చెడుతుంది), రెండు నుంచి రెండున్నర చుట్లు విప్పండి. ఇంజన్ వేడిగా, లైట్లు, ఏసీ ఆపి ఉంచి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఆర్‌పీఎం ఎక్కడ గరిష్టమో అక్కడ ఆపండి. చివరగా స్లో స్క్రూతో 850–900 దగ్గర నిలపండి.

కార్బ్యురేటర్ ముట్టుకునే ఈ పనంతా కరెంటు వైపు బాగుందని తేలాకే. పాత మెకానిక్కులు ‘ముందు కరెంటు, తర్వాత గాలి, చివర పెట్రోలు’ అనేది ఇందుకే. ప్లగ్గుల గ్యాప్ 0.7–0.8 మి.మీ. ఉందా? కొత్త ప్లగ్గు పెట్టెలోంచి తీసి నేరుగా బిగించేసి ఉంటే ఆ కొలత ఎవరూ చూడలేదన్నమాట. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి స్లోలో పెట్టి చూస్తే, పాత ప్లగ్ వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ చుట్టూ నీలంగా నిప్పుచారలు పాకుతుంటాయి. అలా కనిపిస్తే క్యాప్, రోటర్, వైర్లు కలిపే మార్చండి. నడుస్తున్నప్పుడు వాటి మీద చెయ్యి వేయకండి.

ఇంకొకటి. ఈ ఇంజన్ వాల్వులకు స్క్రూ తిప్పి గ్యాప్ పెట్టాలి. ‘టకటక శబ్దం రావడం లేదు, వాల్వులు బాగున్నాయి’ అనుకోకండి. గ్యాప్ బాగా తగ్గినప్పుడూ శబ్దం రాదు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోక, వేడి మీద స్లోలో మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం) వస్తుంది. ఎల్పీజీ కిట్టుతో తిరిగిన బండి అయితే వాల్వు సీట్లు అరిగి గ్యాప్ తగ్గడం మామూలే. ఫీలర్ గేజ్‌తో చల్లటి ఇంజన్ మీద, మాన్యువల్‌లోని కొలతకు పెట్టించండి.

ప్రశ్న: అనంతపురంలో వాడుతున్న 2004 శాంత్రో. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఏసీ వేసి ఉంటే ఆర్‌పీఎం 500కి పడి, ఒక్కోసారి ఆగిపోతుంది. ఏసీ లేకపోతే వణుకు కొద్దిగానే. ఇంజన్ లైటు వెలగడం లేదు. స్కానర్ పెట్టిస్తే కనెక్ట్ కాలేదన్నారు.
– అనంతపురం పాఠకురాలు

జవాబు: ఆ స్కానర్ మీద బెంగ వద్దు. మన దేశంలో ఓబీడీ–2 (లోపాలను స్కానర్‌కు చెప్పే ప్రామాణిక ఏర్పాటు) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందటి చాలా కార్లతో చవక బ్లూటూత్ స్కానర్లు మాట్లాడవు. ఆ కంపెనీ కార్లకు తగిన స్కానర్ ఉన్న షాపు చూసుకోవాలి. కానీ అంతకన్నా ముందు త్రాటిల్ బాడీ.

ఏసీ కంప్రెసర్ అందుకోగానే ఇంజన్‌పై భారం పడుతుంది. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) వెంటనే ఐడిల్ వాల్వును కాస్త తెరిచి అదనపు గాలి పంపాలి. ఏళ్ల తరబడి ఆయిల్ ఆవిరి, ఎర్రదుమ్ము కలిసి ఆ దారిలో నల్లటి జిగట పేరుకుంటే వాల్వు కదిలినా గాలి చాలదు. గాలిపైపు ఊడదీసి త్రాటిల్ రెక్క తెరిచి, దాని వెనక అంచు తుడిచి చూడండి. గుడ్డకు తారులా అంటుకుంటే కారణం దొరికినట్టే. త్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవాలి. ఐడిల్ వాల్వును విడిగా విప్పి శుభ్రం చేయాలి, కరెంటు కనెక్టర్లలోకి పోకూడదు. రెక్కను ఆపే స్క్రూను ఎవరు చెప్పినా కదపవద్దు. బిగించాక బ్యాటరీ నెగటివ్ పదిహేను నిమిషాలు తీసి, మళ్లీ పెట్టి, ఏసీ లేకుండా ఫ్యాన్ తిరిగేదాకా, తర్వాత ఏసీతో ఐదు నిమిషాలు స్లోలో వదలండి. ఈసీయూ కొత్త లెక్క నేర్చుకోవాలి కదా.

అప్పటికీ తగ్గకపోతే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) ఉందో లేదో అడగండి. మన ఎండలకు వేడెక్కుతుందని దాన్ని తీసి పారేసే గ్యారేజీలు సీమలో చాలా ఉన్నాయి. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాదు, ఈసీయూ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు మసిబారి మిస్సింగ్ మొదలవుతుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటుంటే కూలెంట్ సెన్సర్ మొనకు సున్నంలా గార పట్టి అదే పొరపాటు జరుగుతుంది. సెన్సర్‌ను మల్టీమీటర్‌తో కొలవండి: 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓములు, 80 డిగ్రీల దగ్గర 300 ఓముల చుట్టుపక్కల ఉండాలి. కొత్త థర్మోస్టాట్ వేయించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపండి.

ఆర్‌పీఎం 800 దగ్గర కదలకుండా ఉండి స్టీరింగ్, సీటు మాత్రమే వణుకుతుంటే ఇవేవీ వద్దు. ఇంజన్ మౌంటింగ్ రబ్బరు పోయింది.

ప్రశ్న: కర్నూలు నుంచి అనంతపురం హైవే మీద వెళ్తుంటే, మే నెలలో, డోన్ దాటాక 2006 మోడల్ ఎంపీఎఫ్‌ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లున్న) కారు ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోయింది. అరగంట తర్వాత తనంతట తానే స్టార్ట్ అయింది. గ్యారేజీకి తీసుకెళ్తే బ్రహ్మాండంగా నడుస్తోంది. ఏం మార్చాలి?
– కర్నూలు పాఠకుడు

జవాబు: గ్యారేజీలో చల్లబడ్డాక వెతికితే ఏదీ దొరకదు. ఆగిన ఆ పది నిమిషాల్లోనే చూడాలి. బండి రోడ్డు పక్కకు తీసి, తాళం ఆన్ చేసి వెనక సీటు వైపు చెవి పెట్టండి. పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు ‘జుయ్’ మనాలి. అనకపోతే పంపు, రిలే, ఫ్యూజుల మీద పడండి. పక్కన అదే నంబరుతో హారన్ రిలే ఉంటే మార్చి చూడొచ్చు. ట్యాంకులో పంపును చల్లబరిచేది పెట్రోలే, కాబట్టి ఎండాకాలం రిజర్వులో తిప్పే అలవాటు దాని ఆయుష్షు తీసేస్తుంది.

పంపు పలికితే, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని టాకోమీటర్ (ఆర్‌పీఎం మీటరు) ముల్లు చూడండి. మామూలుగా సెల్ఫ్ తిరిగేటప్పుడు ముల్లు కాస్త లేస్తుంది. చచ్చినట్టు సున్నా మీదే ఉంటే ఇంజన్ తిరుగుతోందని ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్ మీద గట్టి అనుమానం. వేడికి లోపలి చుట్ట తెగి, చల్లబడ్డాక కలుసుకోవడం దానికి మామూలు జబ్బు. తడిగుడ్డ చుట్టి చల్లబరిస్తే వెంటనే స్టార్ట్ అయితే ఇక సందేహం లేదు. ముల్లు లేస్తూ, పంపు పలుకుతూ, ప్లగ్ దగ్గర మాత్రం నిప్పు లేకపోతే కాయిల్.

పెట్రోలు ఆవిరై అడ్డుపడటం, అంటే వేపర్ లాక్, కార్బ్యురేటర్ బండ్లకు ఎక్కువ. ఎంపీఎఫ్‌ఐలో దాదాపు 3 బార్ ఒత్తిడి ఉంటుంది కాబట్టి అరుదు. పైపుల మీద తడిగుడ్డలు చుట్టి ఊరుకోవడం వల్ల మీకు లాభం లేదు.

ప్రశ్న: ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) వచ్చాక మా పాత కార్బ్యురేటర్ కారు స్లో చెడింది. సంబంధం ఉందా?
– కడప పాఠకుడు

జవాబు: ఉంది. మామూలు పెట్రోలు కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 చాలు. ఎంపీఎఫ్‌ఐ బండి ఆక్సిజన్ సెన్సర్‌తో తనే సర్దుకుంటుంది. కార్బ్యురేటర్ సర్దుకోదు, పాత జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది. మిక్చర్ స్క్రూ పావు నుంచి అర చుట్టు విప్పి మళ్లీ ట్యూన్ చేయించండి. పెట్రోలు పైపులు, డయాఫ్రం, ఓ–రింగులు ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించండి. పాత రబ్బరు ఉబ్బి లీకైతే మంటల ప్రమాదం. బండి నెలల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకు ఖాళీగా ఉంచకండి. ఇథనాల్ గాలిలో తేమ పీల్చి నీరు అడుగున దిగుతుంది.

ప్రశ్న: స్లోలో ఒక సిలిండర్ మిస్ అవుతోందని, ఇంజన్ బోరింగ్ (సిలిండర్ లోపలి గోడలు తొలవడం) చేయాలని అంటున్నారు. నిజమేనా?
– తాడిపత్రి పాఠకుడు

జవాబు: కొలత లేకుండా ఆ మాట ఎవరన్నా నమ్మకండి. కంప్రెషన్ టెస్ట్ అడగండి. వేడి ఇంజన్ మీద, ప్లగ్గులన్నీ తీసి, కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, సెల్ఫ్‌తో ఐదారు చుట్లు తిప్పి చూడాలి. మామూలు పెట్రోలు ఇంజన్‌కు చదరపు సెంటీమీటరుకు 12 కిలోల దగ్గర వస్తుంది. 10 కంటే తగ్గినా, సిలిండర్ల మధ్య కిలోకు మించి తేడా ఉన్నా లోపమే. తక్కువున్న దాంట్లో ఒక టీస్పూన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, బోరు. పెరగకపోతే వాల్వు. పక్కపక్క రెండు సిలిండర్లు ఒకేలా తగ్గితే హెడ్ గ్యాస్కెట్. వాల్వు, గ్యాస్కెట్ పనులకు హెడ్ దించితే చాలు, బోరింగ్ అవసరం లేదు. అన్నీ సమానంగా బాగుంటే ఆ సిలిండర్ ప్లగ్గు, వైరు, ఇంజెక్టర్లను పక్క సిలిండర్‌తో ఒక్కొక్కటిగా మార్చి చూడండి. మిస్సింగ్ ఏ భాగంతో పాటు పక్కకు వెళ్లిందో ఆ ఒక్కటీ కొనండి.