ఎస్మెరాల్డాను మళ్లీ పాడించబోయే అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్రెంచి మహిళ లూయీజ్ బెర్తాఁ స్వరపరచిన ‘లా ఎస్మెరాల్డా’ ఓపెరాను రంగస్థలం మీదికి తెస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1836 నవంబరులో పారిస్ ఓపెరాలో మొదలై, ఆరు ప్రదర్శనలకే ఆగిపోయిన రచన అది. సాక్షాత్తు విక్టర్ హ్యూగో తన నవల నుంచి దానికి సాహిత్యం సమకూర్చాడు. బెర్తాఁ కుటుంబం నడిపిన పత్రిక మీది కక్షనంతా జనం ఆ సంగీతం మీద తీర్చుకున్నారు. దానికి న్యాయం చేయడానికి నా శిష్యురాలు పూనుకుందంటే గర్వంగా ఉంది.

స్వరలిపిని రాతప్రతితో సరిచూసుకో. పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ చేసిన పియానో ప్రతి నేర్పడానికి పనికొస్తుంది కానీ, వాద్యబృందానికి దాన్ని ఆధారం చేసుకోకు. 2008లో ఫ్రాన్సులోని మోంపెల్యేలో కచేరీగా పాడినప్పటి రికార్డింగును ఒక్కసారి విని పక్కన పెట్టు. నడవడం కష్టమైన బెర్తాఁ తరఫున రిహార్సళ్లు చూసుకున్నది స్వరకర్త బెర్లియోజ్. చర్చి గంటలు మోగించే గూనివాడు క్వాసిమోదో పాడే గంటల పాట ఆయనదేనని పుకారు పుట్టిస్తే ఆయనే కాదన్నాడు. ప్రకటనల్లో ఆయన పేరు ఆమె పేరు కంటే పెద్దగా వేశావంటే నేను ఊరుకోను.

ఇక నా తప్పు చెబుతాను. నీ వయసులో ఆ కాలపు మరో ఓపెరాను తవ్వి తీశాను. ఒక్క స్వరం కూడా కోయకూడదని పట్టుబట్టాను. నాటి వాద్యాలకు పేగు తంతులు. మాకు లోహపు తంతులు, బిగ్గరగా మోగే నేటి ఇత్తడి వాద్యాలు, 440 హెర్ట్జ్‌కు పైబడిన శ్రుతి; శ్రుతి పెరిగేకొద్దీ గొంతుకు భారం. 1859లో ఫ్రాన్సు చట్టం పెట్టి నిర్ణయించిన శ్రుతి 435 మాత్రమేనని తెలిసి కూడా పట్టించుకోలేదు. పైగా రోజుకు రెండు పూటలా గొంతు విప్పి పాడమన్నాను. నాయిక చిన్న పిల్ల, ఏనాడూ ఎదురు చెప్పలేదు. తుది రిహార్సల్‌లో రెండో అంకం మధ్య ఆమె నోరు తెరిచింది, మెడ నరాలు ఉబ్బాయి, శబ్దం రాలేదు. చేతిలో వేడినీళ్ల కప్పు పట్టుకుని “రేపటికి సర్దుకుంటుందండీ” అని గుసగుసగా నాకే ధైర్యం చెప్పింది. సర్దుకోలేదు. ఆ తరువాత ఆమె నాయిక పాత్ర పాడలేదు.

తొలి ఎస్మెరాల్డా కోర్నెలీ ఫాల్కన్ సంగతి నీకు తెలుసు. ఆ తొలి ప్రదర్శన జరిగిన నాలుగు నెలలకే, 1837 మార్చిలో, ‘స్ట్రాడెల్లా’ అనే మరో ఓపెరా పాడుతూ వేదిక మీదే గొంతు పోగొట్టుకుంది. ఎస్మెరాల్డా ప్రేమించే సైనికాధికారి ఫెబ్యూస్‌గా పాడిన నూరీ తారస్థాయి స్వరాలను గొంతు నొక్కకుండా తేలికగా తలలో పలికించే తరం వాడు. ఆ పాత్ర పాడే నీ టెనర్ (హెచ్చు స్థాయి మగ గొంతు గాయకుడు) చేత వాటిని ఛాతీతో అరిపించావో, బెర్తాఁ విన్నదీ అది కాదు, అతని గొంతూ మిగలదు. వారంలో రెండు రోజులైనా లోగొంతుతోనే సాధన చేయించు. ఇత్తడి వాద్యాలను వెనక్కి జరిపి కూర్చోబెట్టు. నాయిక అలసిందనిపిస్తే ఆ రోజుకు ఆపేయ్, డబ్బు ఖర్చైనా సరే. అలసిపోయానని ఆమె నోటితో చెప్పదు తల్లీ, నువ్వే కనిపెట్టాలి.

మోకాళ్ల నొప్పులతో తొలి రిహార్సల్‌కు రాలేను. ఎస్మెరాల్డా పాత్ర స్వరలిపి నకలు పంపు. ఆమె ఎక్కడెక్కడ ఊపిరి తీసుకోవచ్చో పెన్సిలుతో గుర్తు పెట్టి వారంలో తిప్పి పంపుతాను.