ఉప్పుపిండి చేతిముద్ర ఓవెన్‌లో పగిలిపోతుంటే

మైదా, ఉప్పు కలిపిన పిండిలో మీ పాప చేయి అద్ది చేసిన ముద్ర ఓవెన్‌లో పొంగి మధ్యలో చీలిందంటే కారణం దాదాపుగా వేడే. మీరు ఓవెన్‌ను 180 డిగ్రీల్లో పెట్టి ఉంటే అది చాలా ఎక్కువ. పైపొర ముందే బిగుసుకుంటుంది, లోపలి తేమ ఆవిరై దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది.

1. మైదా 2 కప్పులు, మెత్తటి ఉప్పు 1 కప్పు. నీళ్లు 1 కప్పు, కొద్దికొద్దిగా పోయండి, మొత్తం పట్టకపోవచ్చు.
2. 10 నిమిషాలు బాగా పిసికి, అర సెంటీమీటరు మందాన ఒత్తండి.
3. పాప చేయి అద్ది, ఓవెన్‌లో 100 డిగ్రీల్లో 2–3 గంటలు ఉంచండి.

చాలామంది వదిలేసేది తిరగేయడం. పైన గట్టిగా ఉన్నా అడుగున పచ్చిగానే ఉంటుంది. గంటకోసారి తిరగేసి, అరచేయి భాగం అడుగున వేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగిందా, ఇంకా ఆరాలి. పూర్తిగా ఆరి, చల్లారాకే రంగు వేయండి. లేదంటే తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది.

పగిలినదాన్ని పారేయకండి, ఆ వేళ్లు మళ్లీ అంత చిన్నగా ఉండవు. అదే పిండిని నీళ్లతో జారుగా కలిపి చీలికలో రుద్ది, మళ్లీ సన్నని వేడిమీద ఆరబెట్టండి.

ఒక్క జాగ్రత్త: పాపను పిండి నోట్లో పెట్టుకోనివ్వకండి. అంత ఉప్పు చిన్నపిల్లలకు నిజంగా ప్రమాదం.