చందాల డబ్బుతో స్టెమ్ సెల్ ఇంజక్షన్లు ఇప్పించవచ్చా?

ప్రశ్న: మా మిత్రుడు గీత కార్మికుడు. ఎనిమిది నెలల క్రితం తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నెముక విరిగింది. ఆపరేషన్ చేశారు గానీ నడుము కింద స్పర్శ, కదలిక లేవు. ఊరంతా కలిసి రెండు లక్షలు పోగుచేశాం. స్టెమ్ సెల్ ఇంజక్షన్లు వేయిస్తే లేచి నడుస్తాడని కొందరు చెబుతున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: వద్దు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఈ స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజక్షన్లు పనిచేస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు. పరిశోధనలో భాగంగా తప్ప వీటిని చికిత్సగా అమ్మకూడదని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉన్న ఎకరం అమ్మి వీటికి ధారపోసి, చివరికి లోతైన పుండ్లతో నా దగ్గరకు వచ్చినవారిని చూశాను. మీ ఊరి డబ్బు అలా పోకూడదు.

మీ మిత్రుడి ప్రాణానికి అసలు ముప్పు పడక పుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు. స్పర్శ లేదు కాబట్టి చర్మం ఒత్తుకుపోతున్నా ఆయనకు తెలియదు. పడుకున్నప్పుడు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. చక్రాల కుర్చీలో ఉన్నప్పుడు చేతుల మీద బరువు మోపి మధ్యమధ్య ఒళ్లు పైకి లేపుకోవాలి. మూత్రాన్ని నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి శుభ్రమైన గొట్టంతో తీయాలి. చేతులు బాగున్నాయి కాబట్టి నేర్పితే ఈ పని తానే చేసుకోగలడు. పునరావాస విభాగం ఉన్న ఆసుపత్రిలో కొన్ని వారాలు ఉంచి, ఆయనకూ భార్యకూ ఇవన్నీ నేర్పించండి. మీ డబ్బులో మొదటి వాటా దీనికే పెట్టండి.

వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే ఆవిడ ఉండేవారు. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె నడుము కింది భాగం చచ్చుబడింది. ఆ తర్వాత చక్రాల కుర్చీలోనే కూర్చుని, కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడే పునరావాస కేంద్రం తెరిచారు. ఈ సంగతి మీ మిత్రుడికి తప్పక చెప్పండి.

చక్రాల కుర్చీకి డబ్బు ఖర్చు చేయకండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో పెట్టే శిబిరాల్లో అర్హులకు ఉచితంగా ఇస్తారు. దాని మీద వేసే మంచి దిండు మాత్రం మీరు కొనండి, పుండ్లను ఆపేది అదే. ఇంటి గుమ్మానికి వాలు కట్టించండి. మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పడుతుందో లేదో కొలిచి చూడండి. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే చేయూత పింఛను నెలకు రూ.4,016 వస్తుంది. గీత కార్మికులకు ప్రభుత్వమిచ్చే ప్రమాద పరిహారానికి దరఖాస్తు పెట్టారో లేదో కూడా కనుక్కోండి.

మిగిలింది ఆయన భార్య పేరున బ్యాంకులో వేయండి. రాత్రంతా లేచి పక్క మార్చేది ఆమే. వారానికి ఒక పూట మీలో ఇద్దరు వెళ్లి ఆయన దగ్గర కూర్చుంటే, ఆమె కూలికో పుట్టింటికో వెళ్లివస్తుంది, లేదా కంటినిండా నిద్రపోతుంది.

ఇంకొక్క మాట. మీ లేఖలో ఊరి ఆలోచన ఉంది, ఆయన కోరుకుంటున్నదేమిటో లేదు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆయన పక్కన కూర్చుని అడగండి.